నేను కత్తిరించిన మూడు దారాలు

ఈ ఉదయం, పుదుచ్చేరిలో మేముండే సారం పేటలో, మా వీధి మలుపులో ఉన్న టైలరు దగ్గరికి వెళ్ళి, కుట్టడానికిచ్చిన చొక్కా తెచ్చుకున్నాను. ఇస్త్రీ వేడి ఇంకా ఆరలేదు. కొత్త గుడ్డకుండే గంజి వాసన, కాస్త మాడిన బొగ్గుల వాసన కలిసి ముక్కుకు తగిలాయి. మడత పెట్టబోతూ, కాలరు కింద వేలాడుతున్న దారపు పోగొకటి చూసి టైలరు కత్తెర తీశాడు. ఆ కత్తెర నోరు తెరిచిన చప్పుడు విన్నానో లేదో, నా చెయ్యి వెళ్ళి అతని మణికట్టు పట్టేసుకుంది. ఉండనీలే అన్నాను. చొక్కాకు లేని పట్టింపు ఈయనకెందుకన్నట్టు చూశాడతను. టైలరు కొడుకునై పుట్టి, పదకొండేళ్ళుగా ఒక్క పోగునైనా కత్తిరించలేని మనిషినయ్యానని అతనికెలా చెప్పను?

ముందే ఒప్పుకుంటే తర్వాత రాయడం తేలికవుతుంది గనక ఒప్పేసుకుంటున్నాను. ఒక మనిషి కడుపులోంచి తీసిన గడ్డకు డాక్టరు గుర్తుగా కట్టిన మూడు దారాలను, చూడ్డానికి నీటుగా లేవని, నేను కత్తిరించాను. ఎవరూ చెయ్యమనలేదు. చేతికున్న అలవాటు అది. అప్పట్లో నా చేతికున్న అలవాట్లు నా తలకు తెలిసేవి కావు. ఆ పనికి పట్టింది మూడు క్షణాలు. దాని వెంట తిరగడం ఇప్పటికీ పూర్తి కాలేదు.

ఆ దారాలు కట్టిన ఆవిడ పోయిన ఏడాది పోయారు. ఆవిడ సర్జను. పుదుచ్చేరిలో నాలుగు తరాలుగా వ్యాపారం చేసుకుంటున్న తెలుగు కుటుంబం. చెన్నైలో చదివి, ఊరికి తిరిగొచ్చి, మా ఆసుపత్రిలోనే జీవితమంతా పనిచేశారు. ఆసుపత్రిలో మేడమ్‌లు చాలామంది ఉన్నా, ఒట్టి "మేడమ్" అంటే ఆవిడే, మిగిలినవాళ్ళకు పేర్లుండేవి. బాగా పొట్టి. ఆపరేషన్ బల్ల అందదని కాళ్ళ కింద చెక్కపీట వేయించుకునేవారు. ఎవరైనా ఆ పీట వంక చూసి నవ్వాపుకుంటే, పొట్టిదాన్ని గనకే పొట్ట లోపలిదాకా కనిపిస్తా ఉంది, పొడుగోళ్ళకు పైపైనే అని తనే అనేసేవారు. గొంతు పెంచడం నేను వినలేదు. అలసిపోయినప్పుడు ఆ గొంతు ఇంకా తగ్గేది, మేమందరం దగ్గరికి జరిగి వినేవాళ్ళం. ఆవిడ ఎప్పుడూ అలసిపోయే ఉండేవారు కాబట్టి మేమెప్పుడూ దగ్గరగానే ఉండేవాళ్ళం.

నేను ఆ థియేటర్లో టెక్నీషియన్‌ని. దీపాలు, బల్లలు, పరికరాలు నా బాధ్యత. లోపలినుంచి తీసినదాన్ని చెడిపోకుండా ఫార్మలిన్ మందునీళ్ళున్న బక్కెట్లో పెట్టి, చీటీ అంటించి, పరీక్షకు పై అంతస్తులోని పాథాలజీకి పంపడమూ నా పనే. నా అక్షరాలు బాగుంటాయని పేరు. ఇప్పుడు రాస్తున్న ఈ తెలుగు అక్షరాలు మాత్రం అప్పటికి రావు. ఇంట్లో మాట తెలుగు, బళ్ళో రాత తమిళం. మా వాళ్ళలో చాలామంది సంగతి ఇంతే. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చే రోగులు తెచ్చే కాగితాలు చదివే దిక్కులేక, మేడమ్ ఒకరోజు చిన్నపిల్లల వాచకం తెచ్చి నా చేతిలో పెట్టారు. ముప్పై నాలుగేళ్ళ వయసులో అ-అమ్మ, ఆ-ఆవు దిద్దుకున్నాను. పుస్తకం చూసి నేర్చుకున్నవాణ్ణి గనక నా రాత పుస్తకంలా ఉంటుంది, నోరు మాత్రం సారం వీధిలోనే ఉండిపోయింది.

ఆ గడ్డల గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. పేగులన్నిటికీ వెనక, వెన్నెముకకు ముందు, కిడ్నీలుండే చోట కొవ్వుతో నిండిన జాగా ఒకటుంది. ఎప్పుడో, ఎవరికో, అక్కడి కొవ్వే దారి తప్పి గడ్డ కడుతుంది. సార్కోమా అంటారు. చాలా అరుదు; మా దగ్గరికి ఏడాదికి రెండో మూడో వచ్చేవి. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, చోటు విశాలంగా ఉంటుంది కాబట్టి తాపీగా పెరుగుతుంది. బయటపడేసరికి గుమ్మడికాయంత అయి ఉంటుంది. దానికి కొవ్వెక్కింది, అంతే అనేవారు మేడమ్. మందులకు అంతగా లొంగదు. కత్తే దిక్కు, అదీ మొదటిసారే సరిగ్గా పడాలి. గడ్డ మీద పల్చటి పొర ఉంటుంది. ఆ పొర పట్టుకుని వలిస్తే పనస తొనలా సులువుగా ఊడొస్తుంది, చూసేవాళ్ళు మెచ్చుకుంటారు. కాని వెనక మిగిలిన నలుసులు మళ్ళీ మొలుస్తాయి. అందుకని చుట్టూ ఉన్న మంచి కొవ్వునూ కండనూ కాస్త కలుపుకుని, పొర చిట్లకుండా, ఒకే ముక్కగా ఎత్తాలి. తొనలు వలుచుకోను రాలేదు మనం, బుట్టతో ఎత్తకపోను వచ్చినాం అని కొత్తవాళ్ళకు చెప్పేవారు. మా వృత్తిలో పొరపాటు అంటే నిజంగానే పొర దగ్గర జరిగే పాటు.

మునెమ్మ ఊరి అంచున ఫ్యాక్టరీలుండే మేట్టుపాళయంలో ఒక బిస్కెట్ కంపెనీలో ప్యాకింగు బల్ల దగ్గర నిలబడి పనిచేసేది. మాలాగే తెలుగు ఇల్లు. నలభై నాలుగేళ్ళు. పొట్ట పెరుగుతుంటే తోటి ఆడవాళ్ళు ఎన్నో నెల అక్కా అని ఏడాదిపాటు ఆట పట్టించారట. ఆమె కూడా గ్యాసు అనుకుని, వాము నమిలి, చీర కుచ్చిళ్ళు ఇంకాస్త పైకి దోపుకుని పనికి పోయేది. బల్ల అంచు కడుపుకు అడ్డం వచ్చి ప్యాకెట్లు అందనప్పుడు గాని డాక్టరు దగ్గరికి రాలేదు. కుడివైపు, కిడ్నీని ముందుకు నెట్టేసి, ఇంత గడ్డ. మేడమ్ స్కాన్ ఫిల్ములను కంప్యూటర్లో చూడరు, వరండా కిటికీ వెలుగుకు పట్టి చూస్తారు. ఆ రోజు చాలాసేపు చూశారు.

ఆపరేషన్ బాగా జరిగింది. గడ్డకూ కిడ్నీకీ మధ్య సందు దొరికింది కాబట్టి కిడ్నీని వదిలేశారు. గడ్డ ఒకే ముక్కగా బయటికొచ్చింది, నాలుగు కిలోల పైమాటే. బూడిదగుమ్మడికాయకు ముందేది, వెనకేది? దీనికీ అంతే. అందుకే మేడమ్ చేతిలోకి తీసుకోగానే మూడు పట్టుదారాలు కుట్టి వదిలారు: పొట్టి దారం తలవైపు, పొడుగు దారం పక్కవైపు, రెండు ముడుల దారం వెన్నువైపు. పైన పాథాలజీలో దాన్ని కోసి సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు, ఏదైనా ఒక అంచున గడ్డ కణాలు తగులుతూ ఉంటే, అది కడుపులో ఏ చోటో ఈ దారాలే చెప్పాలి.

నేను దాన్ని పక్కబల్ల మీదికి తెచ్చి నెత్తురు కడిగాను. మా నాయన కొట్టులో నా చిన్నప్పటి కొలువు ఒకటే: కుట్టడం అయిపోయిన చొక్కాల మీద మిగిలిన పోగులన్నీ కత్తిరించి, మడత పెట్టి ఇవ్వడం. పోగు కనిపించే చొక్కా బయటికి పోతే కొట్టు పరువు పోతుందని నాయన నియమం. పదేళ్ళు ఆ పని చేసిన చెయ్యి, బల్ల మీద కత్తెర కనిపించగానే దాన్ని తీసుకుని, మూడు దారాలనూ మొదలంటా కత్తిరించింది. శుభ్రంగా ఉంది. బక్కెట్లో పెట్టి, ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీ రాసి అంటించాను. ఆ చీటీ చూసుకుని మురిసిపోయాను కూడా.

మర్నాడు పైనుంచి ఫోను: ఫారంలో దారాలున్నాయని రాశారు, దారాలు కనిపించడం లేదు. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. ఫోను తీసినతను, ఫార్మలిన్లో ఊడిపోయి ఉంటాయేమో అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. పట్టుదారం ఫార్మలిన్లో ఊడదని నాకు తెలుసు. నోరు మెదపలేదు. పాథాలజీలో పెద్దాయన చేతనైనంత చేసి, పది రోజులకు రిపోర్టు పంపారు. ఒక్కచోట గడ్డ కణాలు అంచును తాకుతున్నాయి. అది ఏ వైపో చెప్పడం సాధ్యం కాదు.

మేడమ్ మా అందరినీ నిలబెట్టి దారాల సంగతి ఒక్కసారే అడిగారు. ఎవరూ పలకలేదు. మళ్ళీ అడగలేదు. పైవాళ్ళే పారేసి ఉంటారని థియేటర్లో గుసగుసలు మొదలయ్యాయి. నేను తలాడించాను. మూడు రోజులు అలా గడిచాయి. మూడోరోజు కొత్త గౌన్ల కట్ట వచ్చింది. ఒక గౌను అంచున పోగు వేలాడుతుంటే, నేను మాటల్లో పడి, కత్తెర తీసి ఠక్కున కత్తిరించాను. తలెత్తితే మేడమ్ చేతులు కడుక్కుంటూ అద్దంలోంచి నన్నే చూస్తున్నారు.

"మీ నాయన ఏం పని చేస్తా ఉణ్ణాడు దామోదరా?"

"టైలరు మేడమ్."

"కొట్లో నువ్వేం చేస్తా ఉంటివి? కాజాలా?"

"లేదు మేడమ్. పోగులు కత్తిరించేది."

కొళాయి కట్టేశారు. "ఎన్ని కత్తిరించినావు?"

"మూడు మేడమ్."

చేతులు తుడుచుకున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అరుస్తారేమోనని చూశాను, అరిస్తే బాగుండుననిపించింది. "దామోదరుడంటే ఏంది అర్థం, తెలుసునా? కడుపుకు తాడు కట్టించుకున్నోడు. పేరు పెట్టినోళ్ళు కట్టుకోమనే చెప్పినారు, కొయ్యమని చెప్పలేదు," అన్నారు. తర్వాత, "పద పైకి," అన్నారు.

పాథాలజీలో పెద్దాయన గడ్డను ముక్కలుగా కోసినా వరుస తప్పకుండా దాచి ఉంచారు. రొట్టె ముక్కల్ని మళ్ళీ రొట్టెగా పేర్చినట్టు, స్టీలు పళ్ళెంలో ఆ ముక్కలన్నీ పేర్చాం. పేర్చింది నేనే. మేడమ్ కిటికీ వెలుగుకు స్కాను పట్టుకున్నారు. ఫార్మలిన్‌కు నా కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి. ఫార్మలిన్‌కేనన్నట్టు వాళ్ళిద్దరూ ఊరుకున్నారు. ఒక పక్క పిండి మీద బొటనవేలు నొక్కినట్టు చిన్న గుంట కనిపించింది. అది కిడ్నీ ఒత్తుకున్న చోటు. ఆ గుంటను ముందువైపు అనుకుని లెక్క కడితే, కణాలు తగులుతున్న అంచు వెనకవైపు, వెన్ను పక్క కండ దగ్గర వస్తుంది. మూడు గంటలు నిలబడి మేం ముగ్గురం సంపాదించిన మాట ఒక్కటే: సుమారుగా. ఆ చోటు కచ్చితంగా తెలిసి ఉంటే అక్కడ మాత్రం ఇంకేమైనా చెయ్యాలా అని ఆలోచించడానికైనా వీలుండేది. సుమారు మాట పట్టుకుని మళ్ళీ కడుపు తెరవలేరు. స్కాన్లు తీస్తూ కాచుకుని ఉండటమే మిగిలింది.

ఆ సాయంత్రం మేడమ్ నా బండి వెనక ఒకవైపుకు కూర్చుని మేట్టుపాళయం పదమన్నారు. కంపెనీల వెనక వరుసలో రేకుల ఇల్లు. మునెమ్మ ఇంకా కుట్ల మీద చెయ్యి పెట్టుకునే నడుస్తోంది. ఉన్నది ఒక్క కుర్చీ. అందులో ఆమెనే కూర్చోబెట్టి, మేడమ్ గడప మీద కూర్చున్నారు. రిపోర్టు సంగతి చెప్పారు. గుర్తు దారాలు ఎందుకు కడతారో, అవి లేకపోతే ఏం తెలియకుండా పోతుందో, పప్పు వండడం నేర్పినంత నిదానంగా చెప్పారు.

"అయితే మళ్ళా కోస్తారా మేడమ్?"

"ఇప్పుడు కాదు. చూస్తా ఉండాల."

"ఎన్నాళ్ళు?"

"నువ్వుండే వరకూ, నేనుండే వరకూ."

మునెమ్మ కాసేపు రేకుల వైపు చూసింది. "ఆ దారాలు ఎవురు కోసింది?"

"మా థియేటరే. నా చేతి కింద జరిగింది, తప్పు నాది," అన్నారు మేడమ్. నేను నోరు తెరవబోయాను. "కాఫీ ఆరిపోతా ఉంది, తాగు," అన్నారు నా వైపు చూడకుండానే.

తిరుగుదారిలో, ఎందుకు చెప్పనివ్వలేదని అడిగాను. రోడ్డు గుంటల్లో ఆవిడ నా చొక్కా గుప్పిట పట్టుకుని కూర్చున్నారు. నువ్వు చెప్తే నీకు తేలికౌతుంది, ఆమెకేమొస్తుంది అన్నారు. ఎవుర్ని తిట్టాలో తెలిస్తే రోజూ అదే పనిగా పెట్టుకుంటుంది; నన్నైతే తిట్టను కుదరదు, రేపు మళ్ళా కొయ్యాల్సింది నేనే గదా అన్నారు. ఆ మాటలో న్యాయం ఎంతుందో ఇప్పటికీ తేల్చుకోలేదు. మరి నాకేమిటి శిక్ష అని అడిగాను. శిక్ష లేదు, పని ఉంది అన్నారు.

పని రెండు రకాలు. ఒకటి, నాలుగు నెలలకోసారి మునెమ్మకు ఫోను చేసి, స్కానుకు తీసుకొచ్చి, అయ్యేదాకా పక్కన కూర్చోవడం. రెండోది అంతకన్నా కష్టం. థియేటరుకు కొత్తగా ఎవరొచ్చినా, డాక్టరైనా నర్సయినా, వాళ్ళ ముందు నన్ను నిలబెట్టేవారు: ఇతను దామోదరన్, మూడు దారాలు కత్తిరించినాడు, ఎట్ట కత్తిరించినాడో అతన్నే చెప్పనీండి. నేను చెప్పాలి. నాయన కొట్టు, కత్తెర, ముత్యాల్లాంటి చీటీ, మూడు రోజుల మౌనం, అన్నీ. రోగి పేరు చెప్పకూడదు. మేడమ్ గడప మీద కూర్చున్న సంగతి అసలు చెప్పకూడదు. నేను ఆ వైపు తిరిగితే చాలు, "చాలు" అనేవారు. నీ తప్పు నువ్వు చెప్పుకో, నా సంగతి నీకెందుకు అనేవారు. ఇరవై మూడు జట్ల ముందు చెప్పాను. మొదట్లో చెమటలు పట్టేవి. తర్వాత్తర్వాత ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ నవ్వు ఆగిపోతుందో కూడా తెలిసిపోయింది. అయినా ప్రతిసారీ లోపల ఎక్కడో మేడమ్ మీద కసి మిగిలేది. వడ్డీ లేకపోయినా పెరిగే రకం కసి.

మునెమ్మ పక్కన కూర్చోవడంలో మాత్రం కసికి చోటు లేదు, భయమే. స్కాను గది బయటి బల్ల, ఎప్పుడూ చల్లగా ఉండే ఇనుప బల్ల. ఆమె కంపెనీ కబుర్లు చెప్పేది, విరిగిన బిస్కెట్లు పొట్లం కట్టుకొచ్చి నాకిచ్చేది, తమ్ముణ్ణి పిలిచినట్టు తంబీ తంబీ అనేది. నేను ఆ బిస్కెట్లు తినేవాణ్ణి. రిపోర్టులో ఏమీ లేదని తెలిసినప్పుడల్లా ఆమె దేవుడికి దండం పెట్టుకునేది. నేను కూడా పెట్టేవాణ్ణి, నా కారణం వేరు.

నాలుగో ఏడు స్కానులో కనిపించింది. వెనకవైపు, వెన్ను పక్క కండను ఆనుకుని, నిమ్మకాయంత. సుమారుగా అనుకున్న చోటే, కచ్చితంగా.

ఆ రోజు ఆ ఇనుప బల్ల మీద కూర్చుని చెప్పేశాను. దారాలు కత్తిరించింది నేను అక్కా అన్నాను. రిపోర్టు సంగతి చెప్పడానికి లోపలినుంచి మునెమ్మను పిలిచారు. లేచి, చేతిసంచి నాకిచ్చి, పట్టుకో అని లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చి సంచి తీసుకుని, భర్త ఆటోలో ఎక్కి వెళ్ళిపోయింది. తర్వాత రెండుసార్లు ఆసుపత్రికి వచ్చినా నాతో పలకలేదు.

మేడమ్‌కు తెలిసింది. తన గదిలో నిలబడే పెరుగన్నం తింటున్నారు. ఆవిడ మధ్యాహ్న భోజనం ఎప్పుడూ నిలబడే.

"చెప్పినావంట."

"చెప్పినాను మేడమ్."

"తేలికైందా?"

"లేదు మేడమ్."

"కాదులే," అన్నారు. గిన్నె కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

రెండో ఆపరేషన్ ఏడు గంటలు పట్టింది. ఒకసారి తెరిచి కుట్టిన కడుపులో పొరలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. దారి ఏదో, గోడ ఏదో తెలియదు. ఈసారి కిడ్నీని కూడా కలిపి తియ్యాల్సొచ్చింది, దాని వెనక కండలో ఒక పలక కూడా. మొదటిసారి అంచు ఏదో తెలిసి ఉంటే ఇది తప్పేదా? తప్పేదని ఎవరూ చెప్పలేరు, తప్పేది కాదని కూడా చెప్పలేరు. నేను మోస్తున్నది ఆ రెండింటి మధ్య ఉన్న జాగా. ముక్క బయటికి రాగానే మేడమ్ దారాలు కుట్టి, పక్కనున్న ఇద్దరిని దాటించి, పీట మీద నుంచి వంగి నా చేతుల్లోనే పెట్టారు. పట్టుకో దామోదరా అన్నారు, అంతే. ఒక్కో దారానికి ఒక్కో చీటీ గుచ్చి, బక్కెట్టు గుండెకు ఆనించుకుని మెట్లెక్కి పైకి తీసుకెళ్ళాను. ఏ దారం ఏ వైపో పెద్దాయనకు నోటితో చెప్పి, ఆయన చేత తిరిగి చెప్పించుకుని గాని కిందికి దిగలేదు. దిగేసరికి మేడమ్ ఆ చెక్కపీట మీదే గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు.

"అలిసిపోయినా దామోదరా," అన్నారు. ఆ మాట ఆవిడ నోట విన్నది అదొక్కసారే.

బయట మునెమ్మ భర్త, అంతా తీసేశారా అని అడిగాడు. కంటికి కనబడినదంతా తీసినాం అన్నారు మేడమ్. ఎవరడిగినా అదే జవాబు; ఒక్క మాట ఎక్కువా కాదు, తక్కువా కాదు. మొదట్లో అది నాకు గట్టి మనసనిపించేది. ఇరవై ఏళ్ళకు పైగా ఈ గడ్డల్ని తీసి, వాటిలో చాలా తిరిగి రావడం చూసిన మనిషి, అబద్ధమాడకుండా చెప్పగలిగిన అత్యంత దయగల మాట అదేనని అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది.

రిపోర్టు వచ్చింది. అంచులన్నీ శుభ్రం. ఫోను చేసి చెప్పాను. అటునుంచి సెరి అని మాత్రమే వినిపించింది. మళ్ళీ నాలుగు నెలలకు, స్కాను రోజు పొద్దున్నే, ఈసారి ఫోను అటునుంచే వచ్చింది. "ఏంది తంబీ, బండి తెస్తావా, నన్ను బస్సులో రమ్మంటావా?"

అప్పటినుంచి ఇప్పటివరకు ఏమీ రాలేదు. రాదని ఎవరూ అనరు. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లే పిలుస్తారు. వచ్చే గురువారం మళ్ళీ ఉంది. వెళ్తాం, ఆ ఇనుప బల్ల మీదే కూర్చుంటాం. మా థియేటర్లో ఇవాళ్టికీ, తీసిన గడ్డను మోసినవాడే పైకెక్కాలి, దారాల వైపులు నోటితో చెప్పాలి, విన్నవాళ్ళు తిరిగి చెప్పాలి. ఏ పుస్తకంలోనూ ఈ నియమం లేదు. కొత్తవాళ్ళు విసుక్కుంటారు. వాళ్ళను నా ముందు నిలబెట్టి, ఎందుకో నేనే చెప్తాను. ఇప్పుడు "చాలు" అనేవాళ్ళు లేరు, అయినా అక్కడికే ఆపేస్తాను.

ఆపకుండా చెప్పింది ఒక్కసారే, మూడేళ్ళ కిందట, మేడమ్ పదవీ విరమణ రోజున. సభ వద్దంటే వద్దన్నారు ఆవిడ. చివరికి ఒప్పుకున్నా, ఎవరూ రెండు నిమిషాలు దాటకూడదని షరతు పెట్టారు. పొగడ్త వినాల్సొస్తే లేచి వెళ్ళిపోయే అలవాటు ఆవిడకు పాతదే. మునుపు రెండు సన్మానాల్లో అలాగే, వార్డులో రోగి పిలుస్తా ఉణ్ణాడని జారుకున్నారు. థియేటరు సిబ్బంది తరఫున మాట్లాడటానికి నన్ను పిలిచారు. నేను ఎప్పటిలాగే మొదలుపెట్టాను: నాయన కొట్టు, కత్తెర, చీటీ. హాలులో సగం మందికి ఆ కథ వచ్చు, నవ్వాల్సిన చోట నవ్వారు. మేడమ్ కుర్చీలో వెనక్కి వాలి, అలవాటైన చోటు రాగానే "చాలు" అన్నారు. మైకు నా దగ్గరుంది. నేను ఆగలేదు.

బండి వెనక ఒకవైపుకు కూర్చోవడం చెప్పాను. గుంటల్లో నా చొక్కా పట్టుకోవడం చెప్పాను. ఒక్క కుర్చీ ఉన్న ఇంట్లో సర్జను గడప మీద కూర్చోవడం, తప్పు నాది అనడం, నన్ను కాఫీ తాగమనడం, అన్నీ చెప్పాను. పేరు చెప్పలేదు. కాని మూడో వరసలో కూర్చున్న మునెమ్మ తనే లేచి నిలబడి, "ఇంకా చెప్పు తంబీ, మేడమ్ కాఫీలో చక్కెర లేదని అడిగి వేయించుకునిందే, అది చెప్పు," అంది. అదీ చెప్పాను. రెండు నిమిషాలన్నది ఇరవై దాటింది. మేడమ్ రెండుసార్లు లేవబోయి లేవలేకపోయారు. కళ్ళజోడు తీసి, కప్పిన శాలువా అంచుతో తుడుచుకోబోయారు. జరీ గనక తుడవలేదు. "ఈ టైలరుకు మైకు ఎవురిచ్చినారు," అన్నారు పక్కాయనతో, అందరికీ వినిపించేంత నెమ్మదిగా.

ఇరవై మూడుసార్లు నన్ను నిలబెట్టి నా తప్పు నాచేత చెప్పించిన మనిషిని, ఒక్కసారి కూర్చోబెట్టి తన మంచి తనకు వినిపించాను. లేవడానికి వీల్లేకపోయింది పాపం. మెడలో మూరెడు లావు దండ, భుజాల మీద శాలువా, ఒళ్ళో అరటి గెల, బత్తాయిలు, నాలుగు కొబ్బరికాయలున్న ఇత్తడి పళ్ళెం. సభ మొదలవకముందే వేదిక ఎక్కి, నమస్కారం పెట్టి, ఆ పళ్ళెం ఆవిడ ఒళ్ళో పెట్టింది నేనే.